చరిత్ర పరిభాషలో పాత మాటలు – కొత్త అర్థాలు

ఉపోద్ఘాతం

ఆధునిక చరిత్ర రచనా పద్ధతి తెలుగులోకి ప్రధానంగా ఇంగ్లీషు ద్వారా వచ్చింది. దానితోపాటే హిస్టరీ, ఇన్‌స్క్రిప్షన్, ఏజ్, ఎరా, ఆర్కియాలజీ, కాలనీ, ఫ్యూడలిజం వంటి పారిభాషిక పదాలూ వచ్చాయి. ఈ పదాలకు తెలుగులో సమానార్థకాలు సమకూర్చుకోవలసిన అవసరం మొదట పాఠ్యపుస్తక రచయితలకు, ఆపైన చరిత్రకారులకు కలిగింది. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర గ్రంథాలనూ శాస్త్ర గ్రంథాలనూ తెలుగులో వెలువరించడానికి పూనుకొన్నప్పుడు ఈ అవసరం స్పష్టంగా ముందుకు వచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావు, చిలుకూరి వీరభద్రరావు వంటివారు చరిత్రను రాయడంతోపాటు, దానిని రాయడానికి తగిన భాషను కూడా తీర్చుకోవలసి వచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఈ కృషిని పారిభాషిక పదకోశాల రూపంలో కొనసాగించింది.

ఈ పదాలు మూడు మార్గాలలో ఏర్పడ్డాయి. మొదటిది, భాషలో అప్పటికే ఉన్న మాటకు కొత్త అర్థం కల్పించడం. చరిత్ర, శాసనం, యుగం, శకం, వలస ఇటువంటివి. రెండవది, సంస్కృత పదాలను కూర్చి కొత్త సమాసాన్ని కల్పించడం. పురావస్తుశాస్త్రం, శిలాయుగం, భూస్వామ్యం ఇటువంటివి. మూడవది, ఇంగ్లీషు మాటను యథాతథంగా స్వీకరించడం. ఫ్యూడల్ ఇందుకు ఉదాహరణ. వీటిలో మొదటి మార్గం సులభమైనదిగా, భాషకు సహజమైనదిగా కనిపిస్తుంది. కాని చిక్కులు ఎక్కువగా ఉన్నదీ అందులోనే. కొత్త అర్థం వచ్చి చేరినంత మాత్రాన పాత అర్థం తొలగిపోదు. నేటి పాఠకుడు ప్రాచీన గ్రంథంలోని మాటకు నేటి పారిభాషికార్థాన్ని అంటగట్టడం ఒక ప్రమాదం. పాత అర్థం పరిశోధకుడికి తెలియకుండానే అతడు వేసే ప్రశ్నలను నిర్ణయించడం రెండవ ప్రమాదం. కొత్తగా కట్టిన సమాసాలు కూడా తమలోని అవయవ పదాల అర్థాల వల్ల ఈ రెండవ ప్రమాదానికి లోనవుతాయి. కొన్ని ప్రధాన పదాల అర్థపరిణామాన్ని పరిశీలించి, ఈ ప్రమాదాలు చరిత్ర రచనలో ఎక్కడెక్కడ ఎదురవుతున్నాయో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

చరిత్ర – ఇతిహాసం

హిస్టరీ అన్న మాటకు మూలమైన గ్రీకు పదానికి విచారణ అని అర్థం. క్రీ.పూ. 5వ శతాబ్దికి చెందిన హెరొడోటస్ తన గ్రంథాన్ని ఆ మాటతోనే పరిచయం చేశాడు. అంటే ఆ పదంలో ముందుగా కనిపించేది అడిగి తెలుసుకొనే మనిషి. తెలుగులో దానికి సమానార్థకంగా స్థిరపడిన చరిత్ర శబ్దం ‘చర్’ ధాతువు నుంచి ఏర్పడింది. నడక, నడవడి అన్నవి దాని మూలార్థాలు. ఇందులో ముందుగా కనిపించేది నడచిన మనిషి.

ప్రాచీన సాహిత్యంలో ఈ మాట ప్రయోగం ఆ మూలార్థాన్నే అనుసరించింది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్ర ఒక శివభక్తుని జీవితం. పెద్దన మనుచరిత్ర స్వారోచిష మనువు పుట్టుకకు సంబంధించిన కథ. ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్రము కాకతీయ రాజుల వృత్తాంతం. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన ప్రయాణానికి సంబంధించిన కాశీయాత్ర చరిత్రలో ఈ మాట యాత్రా వృత్తాంతానికి వర్తించింది. వీటిలో ఏ ఒక్కదానినీ నేటి అర్థంలో చరిత్ర గ్రంథమనలేము. అలాగని పేరును బట్టి వీటిని చరిత్రలుగా భావించి, చారిత్రక దృష్టి లోపించిందని ఆక్షేపించడమూ న్యాయం కాదు. ఆ రచయితలు ఆ మాటతో చేసిన వాగ్దానం వేరు.

ఇరవయ్యో శతాబ్దిలో ఈ పదం పొందిన అర్థవ్యాకోచాన్ని మూడు గ్రంథాల పేర్లలోనే గమనించవచ్చు. కొమర్రాజు వారి శివాజీ చరిత్రము ఒక వ్యక్తికి చెందినది. 1910లో మొదటి భాగం వెలువడిన చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము ఒక జాతికి చెందినది. 1949లో వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర జనుల తిండి, బట్ట, ఆట, ఆచారం, వృత్తి మొదలైన వాటికి చెందినది. వ్యక్తి నుంచి జాతికి, జాతి నుంచి సమాజానికి ఈ పదం సుమారు అర్ధ శతాబ్దిలో ప్రయాణించింది. అయినా నడవడి అన్న అర్థం దానిని వీడలేదు. ‘చరిత్రహీనుడు’ అన్న మాటకు శీలం లేనివాడని అర్థం. నేటి రాజకీయ ఉపన్యాసాలలో ‘చరిత్రహీనులుగా మిగిలిపోతారు’ అన్నప్పుడు భావితరాల దృష్టిలో చెడ్డపేరు తెచ్చుకొంటారన్న భావం వినిపిస్తుంది. రెండర్థాలూ ఆ మాటలో కలిసిపోయాయి. చరిత్రను మంచివారి, చెడ్డవారి పట్టికగా చూసే ధోరణికి పదంలోని ఈ పూర్వార్థం ఊతమిస్తున్నదని చెప్పవచ్చు.

హిందీ, మరాఠీ, బెంగాలీ భాషలు హిస్టరీకి ఇతిహాస శబ్దాన్ని గ్రహించాయి. అర్థశాస్త్రం ఇతిహాసంలో పురాణం, ఇతివృత్తం, ఆఖ్యాయిక, ఉదాహరణ, ధర్మశాస్త్రం, అర్థశాస్త్రం అన్నింటినీ చేర్చింది. తెలుగులో ఈ మాట క్రమంగా రామాయణ భారతాలకు పరిమితమై ఎపిక్ అన్న ఇంగ్లీషు పదానికి సమానార్థకంగా నిలిచింది. ఇది అర్థసంకోచం. దీనివల్ల తెలుగుకు కలిగిన మేలు చిన్నది కాదు. హిస్టరీకీ ఎపిక్‌కూ రెండు వేర్వేరు మాటలు దక్కాయి. కాని హిందీ గ్రంథాలను అనువదించే సందర్భంలో ‘ఇతిహాస్’ను ఇతిహాసమని దించుకొంటే చరిత్ర కాస్తా కావ్యమవుతుంది.

శాసనం

‘శాస్’ ధాతువుకు ఆజ్ఞాపించడం, బోధించడం అన్నవి అర్థాలు. కాబట్టి శాసనమంటే మొదట ఆజ్ఞ, ఆపైన ఆజ్ఞను తెలిపే పత్రం. ఇంగ్లీషులోని ఇన్‌స్క్రిప్షన్ అన్న మాటకు లాటిన్ మూలార్థం లోపల రాయడం, అంటే చెక్కడం. అందులో ఆజ్ఞ ప్రసక్తి లేదు. ఒకటి రాతను గురించిన మాట, మరొకటి అధికారాన్ని గురించిన మాట. ఈ రెంటినీ సమానం చేయడంతో రాతిపైనా రాగిపైనా ఉన్న ప్రతి రాతా తెలుగులో శాసనమైంది.

కొన్నింటి విషయంలో ఈ పేరు సరిగ్గా అమరుతుంది. ఎర్రగుడిలోని అశోకుని ధర్మలిపులు ప్రజలకు చక్రవర్తి చేసిన ఉపదేశాలు, ఉత్తరువులు. కాకతి గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం సముద్ర వర్తకులకు రాజు ఇచ్చిన మాట. తుపాను తాకిడికి చెడి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారనీ, తాను మాత్రం నిర్ణీతమైన సుంకాన్నే గ్రహిస్తాననీ అందులో ప్రకటించాడు. ఇది మూలార్థంలోనూ శాసనమే.

అమరావతి స్తూపపు రాళ్లపై ఉన్న చిన్న ప్రాకృత లేఖనాల సంగతి వేరు. అవి ఎవరినీ ఆజ్ఞాపించవు. ఫలానావారి దానమని మాత్రమే చెబుతాయి. విధికుడనే చర్మకారుడు తన తల్లి, భార్య, సోదరులు, సంతానంతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని సమర్పించినట్లు అక్కడి ఒక లేఖనం తెలుపుతుంది. భిక్షువులు, భిక్షుణులు, వర్తకులు, గృహిణులు ఇటువంటి లేఖనాలలో దాతలుగా కనిపిస్తారు. తోలుపని చేసుకొనే ఒక కుటుంబం రాతిపై తన పేరు నిలుపుకొన్న సందర్భాన్ని శాసనమని పిలవగానే చదువరి మనసు రాజును వెతుకుతుంది. ఏ వంశం, ఏ రాజ్యసంవత్సరం అన్న ప్రశ్నలు ముందుకు వస్తాయి. దాత ఎవరు, ఏ వృత్తివాడు, ఎవరితో కలిసి ఇచ్చాడు అన్న ప్రశ్నలు వెనక్కు పోతాయి.

శాసన శబ్దం నేడు శాసనసభ, శాసనకర్త అన్న మాటల ద్వారా చట్టానికీ వర్తిస్తున్నది. దీనివల్ల ఆజ్ఞార్థం మరింత బలపడింది. శాసన శబ్దం రూఢమైపోయింది కాబట్టి దానిని తొలగించనక్కరలేదు. కాని వర్ణన సందర్భంలో రాజాజ్ఞకు శాసనమనీ, ఇతరమైన వాటికి దానలేఖనం, నామలేఖనం, వీరగల్లు అనీ విడివిడిగా పేర్కొనడం సాధ్యమే. వీరగల్లు అన్న మాట ఇందుకు మంచి ఉదాహరణ. ఊరి కోసమో పశువుల మంద కోసమో పోరాడి మరణించిన వీరుని స్మృతిశిలకు దేశీయంగా ఉన్న ఆ పేరు ఇంగ్లీషు పరిశోధన గ్రంథాలలోకి కూడా ప్రవేశించింది.

యుగం – శకం

యుగ శబ్దం పురాణ కాలగణనకు చెందినది. కృత, త్రేతా, ద్వాపర, కలియుగాలు నాలుగూ కలిస్తే ఒక మహాయుగం. దాని పరిమితి 43,20,000 సంవత్సరాలు. ఈ గణనలో రెండు లక్షణాలున్నాయి. కాలం చక్రంలా తిరుగుతుంది. ఒక్కొక్క యుగం గడిచేకొద్దీ ధర్మం ఒక్కొక్క పాదం చొప్పున క్షీణిస్తుంది.

కొమర్రాజు వారు భారతదేశ చరిత్ర గ్రంథాలకు హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అని పేర్లు పెట్టారు. లక్షల సంవత్సరాలను సూచించే మాట ఇక్కడ కొన్ని శతాబ్దుల కాలానికి వర్తించింది. పేరు పురాణానికి చెందినదైనా విభజన మాత్రం అక్కడిది కాదు. పాలకుల మతాన్ని బట్టి భారతదేశ చరిత్రను విడదీసే పద్ధతి జేమ్స్ మిల్ రాసిన బ్రిటిష్ ఇండియా చరిత్ర ద్వారా 19వ శతాబ్ది ఆరంభంలో ప్రచారంలోకి వచ్చింది. పరిచయమైన మాట తొడుక్కొని రావడంతో ఆ విభజన ఇక్కడిదే అన్నంత సహజంగా కనిపించింది.

శిలాయుగం, కాంస్యయుగం, ఇనుపయుగం అన్న మూడు విభాగాలు డెన్మార్కు పండితుడు థామ్సన్ కోపెన్‌హేగన్‌లోని సంగ్రహాలయ వస్తువులను వరుసక్రమంలో అమర్చడానికి చేసిన ఏర్పాటు నుంచి వచ్చాయి. మనిషి వాడిన పనిముట్ల ముడిపదార్థమే అక్కడ గీటురాయి. పురాణ యుగాలు దిగుమెట్లయితే ఇవి ఎగుమెట్లు. ఒకే యుగ శబ్దం ఈ రెండు విరుద్ధ భావాలనూ మోస్తున్నది.

తెలుగు సాహిత్య చరిత్రలో ఈ వైరుధ్యం ఫలితాన్ని ప్రత్యక్షంగా చూడవచ్చు. నన్నయ యుగం, తిక్కన యుగం, శ్రీనాథ యుగం, రాయల యుగం, దక్షిణాంధ్ర యుగం అన్న వరుస తరువాత సుమారు 1775 నుంచి 1875 వరకు ఉన్న కాలాన్ని క్షీణయుగమని పిలవడం అలవాటైంది. రాయల కాలం స్వర్ణయుగం కాబట్టి తరువాతది క్షీణించక తప్పదన్న తీర్పు ఇందులో ఇమిడి ఉన్నది. స్వర్ణయుగ భావన గ్రీకు కవి హెసియడ్ చెప్పిన బంగారు తరం నుంచి ఐరోపా భాషల ద్వారా వచ్చింది. అతని కల్పనలోనూ బంగారంతో మొదలైన మానవ తరాలు ఇనుముతో ముగుస్తాయి. ఈ విదేశీ భావన పురాణ యుగాల పతనభావంతో సులభంగా అతికింది.

క్షీణయుగమన్న ఆ నూరేళ్లలో త్యాగరాజు కృతులు వెలువడ్డాయి. కావలి సోదరులు మెకంజీ కోసం ఊరూరా కైఫీయతులు సేకరింపజేశారు. వీరాస్వామయ్య యాత్రా గ్రంథం అచ్చయింది. బ్రౌన్ నిఘంటువులు వచ్చాయి. చిన్నయసూరి వచన రచన, వ్యాకరణ రచన సాగింది. ప్రబంధ రచన ఒక్కటే కొలమానమైతే ఆ కాలం క్షీణించినదే. సంగీతం, వచనం, నిఘంటువు, అచ్చుయంత్రం, స్థానిక చరిత్ర అన్నవాటిని కూడా లెక్కలోకి తీసుకొంటే ఆ పేరు నిలవదు. యుగమన్నాక పతనం ఉండాలన్న సంస్కారం పరిశీలనకు ముందే తీర్పు చెప్పింది.

శకం అన్న మాట చరిత్ర మరింత విచిత్రమైనది. ఇది మొదట మధ్య ఆసియా నుంచి వచ్చిన ఒక జాతి పేరు. క్రీ.శ. 78లో మొదలైన సంవత్సర గణనకు ఆ జాతి పేరు నిలిచిపోయింది. దక్షిణాది శాసనాలలో శకవర్షాల గణన విస్తారంగా వాడుకలోకి వచ్చిన తరువాత శకం అన్నది ఏ కాలగణనకైనా చెల్లే సామాన్య నామమైంది. క్రీస్తు శకం, సామాన్య శకం, శకకర్త, శకపురుషుడు అన్నవి అలా పుట్టాయి. ఎరా అన్న ఇంగ్లీషు మాటకు ఇది చక్కని సమానార్థకమే. కాని శాసనంలో శకమని ఉన్నప్పుడు అది సామాన్య నామం కాదు, ఒక నిర్దిష్టమైన గణన. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని రుద్రదేవుని శాసనం శకవర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘమాసానికి చెందినది. 78 కలిపితే 1162 వస్తుంది. అయితే చైత్రంలో మొదలైన ఆ సంవత్సరంలో మాఘం వచ్చేసరికి క్రీస్తు శకంలో కొత్త సంవత్సరం ప్రవేశిస్తుంది. కనుక శాసన కాలం 1163 జనవరి అవుతుంది. కొన్ని గ్రంథాలలో ఈ శాసనానికి 1162 అన్న సంవత్సరం కనిపించడానికి మాసాన్ని పట్టించుకోని ఈ కూడికే కారణం.

పురావస్తువు

ఆర్కియాలజీ అన్న గ్రీకు మూల పదానికి ప్రాచీన విషయాల వివేచన అని అర్థం. దానికి తెలుగులో పురాతత్త్వశాస్త్రం, పురావస్తుశాస్త్రం అన్న రెండు సమాసాలు ఏర్పడ్డాయి. ప్రభుత్వ శాఖ పేరు వల్ల, పాఠ్యపుస్తకాల వల్ల రెండవదే జనంలో స్థిరపడింది. తత్త్వం పోయి వస్తువు మిగిలింది. ఆంటిక్విటీ అన్న మాటకూ పురావస్తువు అన్నదే సమానార్థకం కావడంతో శాస్త్రమంటే పాతవస్తువులను సేకరించే పని అన్న అభిప్రాయం బలపడింది. వస్తువు ఏ పొరలో, ఏ ఇతర వస్తువుల నడుమ దొరికింది అన్నదే ఈ శాస్త్రానికి ప్రాణమన్న సంగతి పేరులో ఎక్కడా వినిపించదు.

ఈ తేడా ఎంత విలువైనదో అమరావతి తెలుపుతుంది. 18వ శతాబ్ది చివరలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ పట్టణం నిర్మింపజేస్తున్నప్పుడు దీపాలదిన్నె అని పిలిచే దిబ్బ నుంచి రాళ్లు ఇళ్ల నిర్మాణానికి తరలిపోయాయి. 1797లో కాలిన్ మెకంజీ ఆ చోటును చూశాడు. తిరిగి 1816 ప్రాంతంలో వచ్చి శిల్పాలకు, స్థలానికి చిత్రాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పఫలకాలను మద్రాసుకు చేర్చాడు. అందులో పెద్ద భాగం ఆపైన లండనుకు చేరింది. నేడు అమరావతి శిల్పాలు ప్రధానంగా చెన్నైలోనూ లండనులోనూ ఉన్నాయి. వస్తువులు దక్కాయి. అవి పడి ఉన్న పొరలు దక్కలేదు. స్తూపం ఎన్ని దశలలో పెరిగింది, ఏ ఫలకం ఏ దశకు చెందినది అన్న ప్రశ్నలకు పండితులు శిల్పశైలిని, లిపిని ఆధారం చేసుకొని సమాధానం వెతకవలసి వచ్చింది. దీనికి భిన్నంగా నాగార్జునకొండ లోయ జలాశయంలో మునిగిపోవడానికి ముందు 1954 నుంచి 1960 వరకు సాగిన తవ్వకాలలో లోయను మొత్తంగా ఒక నివాస స్థలంగా పరిశీలించే ప్రయత్నం జరిగింది. మొదటి చోట వెతికింది వస్తువును, రెండవచోట వెతికింది స్థలాన్ని.

ఈ శాస్త్రంలో ప్రజల నోట ఉన్న మాటలు కొన్నిసార్లు సమాసాల కన్నా సూటిగా ఉంటాయి. మెగాలిత్‌లను పండితులు బృహత్ శిలాసమాధులన్నారు. పల్లెలవాళ్లు వాటిని రాక్షసగుళ్లన్నారు. ఇందులో కట్టినవారిని గురించిన కల్పన ఉన్నా, అంతటి రాళ్లను మామూలు మనుషులు ఎత్తలేరన్న ఆశ్చర్యమూ నమోదైంది. బూడిద దిబ్బ అన్న మాటలో ఆ కల్పన కూడా లేదు. కంటికి కనిపించేదే పేరైంది. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్వి, ఆ దిబ్బ నవీన శిలాయుగపు పశుపాలకుల దొడ్డిలో పేడ పోగై పలుమార్లు కాలడం వల్ల ఏర్పడిందని నిరూపించాడు. శాస్త్రం చేరిన నిర్ణయానికి ఆ పల్లె మాట ఎక్కడా అడ్డు రాలేదు.

వలస

కాలనీ అన్న మాటకు లాటిన్‌లో మూలం సేద్యగాడు అన్న అర్థమున్న పదం. రోమను రాజ్యం తాను జయించిన నేలపై తన పౌరులను, సైనికులను స్థిరనివాసులుగా నిలిపిన ఊరు కాలనీ. తెలుగులో వలస అన్న మాట ఇందుకు పూర్తిగా భిన్నమైన అనుభవానికి చెందినది. శత్రుసేనల భయంతోనో కరువుతోనో ఉన్న ఊరు విడిచి పోవడం వలస. కాలనీలో నేల దక్కించుకోవడం ఉంటే వలసలో నేల కోల్పోవడం ఉంది.

కలోనియలిజానికి వలసవాదం, కలోనియల్ రూల్‌కు వలస పాలన అన్న పర్యాయపదాలు స్థిరపడడంతో ఈ రెండు అనుభవాలూ ఒకే మాట కిందికి వచ్చాయి. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టి, 18వ శతాబ్దిలో ఉత్తర సర్కారులను, 1800లో దత్తమండలాలను పొందింది. కంపెనీవారు ఇక్కడ రైతులుగా స్థిరపడలేదు. వర్తకులుగా వచ్చి పాలకులయ్యారు. ఆ పాలన కాలంలోనే గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల తెలుగు కూలీలు బర్మాకు, మారిషస్‌కు, ఇతర ద్వీపాలకు వెళ్లారు. కోరంగి రేవు నుంచి వెళ్లినందువల్ల బర్మాలో తెలుగువారికి కోరంగీలన్న పేరే స్థిరపడింది. వలస పాలనలో కూలీలు వలస వెళ్లారని రాసినప్పుడు పాలించినవాడికీ పొట్ట చేతపట్టుకొని ఓడ ఎక్కినవాడికీ ఒకే మాట చెల్లుతున్నది. మొదటి వలసలోని పెత్తనం, రెండవ వలసలోని నిర్బంధం రెండూ మరుగున పడుతున్నాయి.

ఆ కాలపు తెలుగులో ఇటువంటి అయోమయం లేదు. కుంఫిణీ అన్న మాటలో పాలించినది ఎవరో స్పష్టంగా ఉంది. పరాయి పాలన అన్న మాటలో పాలన స్వభావం స్పష్టంగా ఉంది. సిద్ధాంత చర్చలో వలసవాదం అన్న మాటను విడవలేకపోయినా, సంఘటనల వర్ణనలో కంపెనీ పాలన, బ్రిటిష్ పాలన అని నిర్దిష్టంగా చెప్పి, వలస శబ్దాన్ని ఊరు విడిచినవారికే మిగల్చడం మేలు.

భూస్వామ్యం – నాయంకరం

ఫ్యూడలిజం అన్న పదంలోని మూలపదం సేవకు బదులుగా అనుభవించడానికి ఇచ్చిన నేలను సూచిస్తుంది. మధ్యయుగపు ఐరోపాలో ఆ నేలను పొందినవాడు ప్రభువుకు విధేయతను, సైనిక సేవను వాగ్దానం చేసేవాడు. అతడు నేలకు సంపూర్ణమైన యజమాని కాదు. తెలుగులో దీనికి ఏర్పడిన భూస్వామ్యం అన్న సమాసంలో స్వామ్యమంటే యాజమాన్యం. మూలపదంలోని సారం షరతుతో కూడిన అనుభోగం కాగా, తెలుగు పదంలోని సారం షరతు లేని హక్కు.

దీనివల్ల కలిగిన నష్టం ఒక ప్రసిద్ధ వాదంలో బయటపడుతుంది. ఆర్.ఎస్. శర్మ 1965లో వెలువరించిన గ్రంథంలో ప్రాచీన భారతదేశంలో భూదానాల వల్ల ఫ్యూడల్ వ్యవస్థ ఏర్పడిందని ప్రతిపాదించాడు. డి.సి. సర్కార్ దానిని ఖండిస్తూ శాసనాలలో కనిపించేది ఫ్యూడలిజం కాదనీ, ల్యాండ్‌లార్డిజం మాత్రమేననీ వాదించాడు. ఈ వాదాన్ని తెలుగులో చెప్పబోతే రెండు పక్షాలకూ భూస్వామ్యమన్న మాటే ఎదురవుతుంది. ఒకరు భూస్వామ్యం ఉన్నదన్నారు, మరొకరు అది భూస్వామ్యం కాదు భూస్వామ్యమేనన్నారు అని రాయవలసి వస్తుంది. భారతీయ చరిత్ర రచనలోని ఒక ముఖ్యమైన విభేదాన్ని పర్యాయపదం ఎంపిక తెలుగులో చర్చకు రాకుండా చేసింది.

సామంత శబ్దం కూడా ఇక్కడ సహాయపడదు. అర్థశాస్త్రంలో సామంతుడంటే పొరుగు రాజు. తరువాతి శతాబ్దులలోనే దానికి లోబడి ఉన్న రాజు అన్న అర్థం స్థిరపడింది. రెండర్థాల తేడా గమనించకపోతే పొరుగువాడు కప్పం కట్టేవాడైపోతాడు.

తెలుగు నేలకు సంబంధించినంతవరకు శాసనాలే ఒక మాటను అందిస్తున్నాయి. కాకతీయుల కాలంలోనూ విజయనగర కాలంలోనూ కనిపించే నాయంకరం అన్న మాట సేవకు ప్రతిఫలంగా నాయకునికి అప్పగించిన ప్రాంతాన్ని, దాని ఆదాయంపై హక్కును తెలుపుతుంది. 16వ శతాబ్దిలో విజయనగరాన్ని గురించి రాసిన పోర్చుగీసువాడైన నూనిజ్ ఈ నాయకులను రాజు వద్ద నేలను గుత్తకు పొందినవారి వంటివారిగా వర్ణించాడు. ఫ్యూడల్ ప్రభువు, భూస్వామి, గుత్తదారు అన్న మూడు మాటలలో ఏదీ నాయంకరానికి పూర్తిగా సరిపోదు. అందుకే దానిని అనువదించకుండా నాయంకరమనే ఉంచి, అందులోని బాధ్యతలు, హక్కులు ఏమిటో శాసనం వారీగా వివరించడం సరైన పద్ధతి. తెలంగాణ గ్రామాలలోని వెట్టి, గడీ, జాగీరు అన్న మాటల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. వీటిని భూస్వామ్యమన్న ఒక్క మాటలో కలిపివేస్తే పదమూడో శతాబ్దపు నాయకుడూ ఇరవయ్యో శతాబ్దపు దొరా ఒకే వ్యవస్థకు చెందినవారిగా కనిపిస్తారు.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, చరిత్ర పరిభాషలోని పాత మాటకు రెండు కాలాలుంటాయి. అది గ్రంథంలోనో శాసనంలోనో ప్రయోగమైన కాలం ఒకటి, పారిభాషిక పదంగా మారిన కాలం మరొకటి. ఈ రెంటినీ కలిపి చదివితే మనుచరిత్ర హిస్టరీ అవుతుంది, విధికుని కానుక ఆజ్ఞ అవుతుంది. రెండు, మూలభాషలో రెండుగా ఉన్న భావాలకు తెలుగులో ఒకే మాట స్థిరపడినప్పుడు వాటి నడుమ జరిగిన వాదం కూడా తెలుగు విద్యార్థికి అందదు. ఫ్యూడలిజం, ల్యాండ్‌లార్డిజం విషయంలో జరిగింది అదే. అటువంటిచోట ఫ్యూడల్ అన్న ఎరువుమాటను స్వీకరించడానికి సంకోచించనక్కరలేదు. మూడు, ఆధారంలోనే మాట ఉన్నప్పుడు దానికి పర్యాయపదం వెతకడం కన్నా దానినే నిలిపి వివరించడం మంచిది. వీరగల్లు, కైఫీయతు, నాయంకరం, బూడిద దిబ్బ ఇటువంటివి.

ఇప్పుడున్న చరిత్ర పదకోశాలు సాధారణంగా ఇంగ్లీషు పదాన్ని, దాని ఎదుట తెలుగు పదాన్ని ఇచ్చి ఊరుకొంటాయి. ప్రతి తెలుగు పదానికీ ప్రాచీన ప్రయోగార్థాన్ని, కొత్త అర్థంలో తొలి ప్రయోగాన్ని చేర్చిన పదకోశం ఒకటి రావలసి ఉంది. కావ్యాలను, శాసనాలను, ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ల వచన గ్రంథాలను కలిపి చదవగలిగిన తెలుగు శాఖలకు ఇది తగిన పని. క్షీణయుగమన్న పేరును తిరిగి పరిశీలించడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు. ఆ పేరు పెట్టినదీ, నేటికీ పాఠ్యప్రణాళికలలో దానిని బోధిస్తున్నదీ తెలుగు శాఖలే.